మందగమన హరికేన్లు, వాతావరణ బోయ్‌లు

తన కేంద్రం చుట్టూ గంటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో సుడి తిరుగుతూనే, ముందుకు మాత్రం మనిషి నడక పాటి వేగంతోనైనా సాగని హరికేన్లు కొన్ని ఉంటాయి. వాటిని మందగమన హరికేన్లు అనవచ్చు. అట్లాంటిక్‌లో హరికేన్ అనేదాన్నే బంగాళాఖాతంలో తుఫాను అంటాం. ఇలాంటి వాటి జాడ పట్టడానికి ఉపగ్రహాలు, రాడార్లు, విమానాలతోపాటు సముద్రంలో లంగరు వేసి నిలిపిన వాతావరణ బోయ్‌లు కూడా పనిచేస్తాయి. బోయ్ ఉన్నచోటనే ఉండి గాలినీ, వాయుపీడనాన్నీ, అలలనూ, నీటి వేడినీ కొలిచి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు పంపుతుంది. ఒకే చోట గంట గంటకూ ఏం మారిందో మాత్రమే దానికి తెలుసు. ఆ గంటల లెక్కను కిలోమీటర్ల లెక్కగా మార్చుకుంటేనే తుఫాను ఎంత దూరంలో ఉందో తేలుతుంది. అందుకు తుఫాను నడక వేగం తెలియాలి. తుఫాను ఆగిపోయినప్పుడు ఈ మార్పిడే దెబ్బతింటుంది. బోయ్‌లతో హరికేన్ జాడ పట్టడంలో అసలు కష్టం ఇక్కడుంది.

డబ్లిన్, ఐ-16 రహదారి, 2019

ఈ కష్టం నేల మీద ఎలా తగులుతుందో డబ్లిన్ అనే ఊరి కథలో చూద్దాం. అమెరికాలో ఆ పేరుతో చాలా ఊళ్లున్నాయి. తెలుగువారికి బాగా తెలిసినవి కాలిఫోర్నియాలోదీ, ఒహాయోలో కొలంబస్ పక్కనున్నదీ. హరికేన్ల కథలో తరచుగా వచ్చే డబ్లిన్ మాత్రం జార్జియా రాష్ట్రంలో ఉంది. లారెన్స్ కౌంటీకి కేంద్రమైన ఈ పట్టణం ఒకోనీ నది ఒడ్డున 1812లో వెలిసింది. జనాభా పదహారు వేల పైచిలుకు. 

జార్జియా తీర నగరమైన సవానా నుంచి సుమారు 180 కిలోమీటర్లు లోపల ఉన్న ఈ ఊరికి సముద్రంతో ఏం పని? ఆ పని సవానా నుంచి లోపలికి వచ్చే ఐ-16 రహదారి వల్ల పడింది. 1999లో ఫ్లాయిడ్ హరికేన్ ముంచుకొస్తోందని తీరవాసులు ఒక్కసారిగా బయల్దేరినప్పుడు జార్జియా, దక్షిణ కరోలినా రోడ్లు గంటల తరబడి స్తంభించాయి. ఆ అనుభవం తరవాత ఐ-16కు ఒక పద్ధతి ఏర్పడింది. పెద్ద ముప్పు వస్తే రహదారిలోని రెండు వైపుల దారులనూ సముద్రానికి దూరంగా ఒకే దిక్కుకు మళ్లిస్తారు. ఆ ఒకదిక్కు ప్రయాణం సవానా దగ్గర మొదలై డబ్లిన్ దగ్గర, 441వ నంబరు జాతీయ రహదారి కలిసే చోట ముగుస్తుంది. తీరం ఖాళీ చేసిన వారు మొదట ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. ఊళ్లోని పెట్రోలు బంకులకూ, హోటళ్లకూ, పోలీసులకూ ఆ రెండు మూడు రోజులూ ఒత్తిడే.

2019లో డోరియన్ హరికేన్ ఈ ఏర్పాటును గట్టిగానే పరీక్షించింది. సెప్టెంబర్ 1న డోరియన్ గంటకు 295 కిలోమీటర్ల గాలులతో బహామాస్‌లోని అబాకో దీవులను తాకింది. అప్పుడు దాని కేంద్ర పీడనం 910 మిల్లీబార్లు. ఆ మర్నాడు గ్రాండ్ బహామా దీవి మీదికి వచ్చి, దాదాపు ఒక రోజు పాటు అక్కడే తిష్ఠ వేసింది. ఒక దశలో దాని నడక గంటకు ఒక మైలు, అంటే రెండు కిలోమీటర్ల లోపు. బహామాస్‌లో మృతుల అధికారిక సంఖ్య డెబ్భై దాటింది. గల్లంతైనవారు ఇంకా చాలామంది. అంత ప్రాణనష్టానికి గాలి ఉధృతి ఎంత కారణమో, అది కదలకపోవడమూ అంతే కారణం. ఒకే దీవి మీద అదే ఉప్పెన, అదే వాన గంటలకు గంటలు కొనసాగాయి.

అక్కడి నుంచి డోరియన్ ఫ్లోరిడా మీదికి పోతుందా, ఉత్తరానికి తిరిగి జార్జియా తీరం పక్కనుంచి వెళుతుందా, తిరిగితే ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలకూ సరైన జవాబు దొరక్కముందే జార్జియా గవర్నర్ ఆరు తీర కౌంటీలలో తూర్పు భాగాలను ఖాళీ చేయమన్నారు. సెప్టెంబర్ 3న ఐ-16ను డబ్లిన్ వరకు ఒకదిక్కు చేశారు. మామూలు హరికేన్‌కు బయల్దేరే సమయం లెక్కగట్టడం తేలిక. నెమ్మది హరికేన్‌కు అలా కుదరదు. ముందే పంపితే జనం బంధువుల ఇళ్లలో, హోటళ్లలో విసిగిపోయి తుఫాను రాకముందే తిరిగి వచ్చేస్తారు. ఆలస్యం చేస్తే రోడ్డు చాలదు. చివరకు డోరియన్ జార్జియా తీరాన్ని తాకకుండానే సముద్రం మీద ఉత్తరానికి సాగి, సెప్టెంబర్ 6న ఉత్తర కరోలినాలోని కేప్ హట్టెరాస్ దగ్గర తీరం చేరింది. ఖాళీ చేయించడం వృథా అయిందని తరవాత అనుకోవడం సులువే. గ్రాండ్ బహామా మీద అది నిలిచిపోయి ఉన్న రాత్రి అలా అనగలిగిన వారు లేరు.

బోయ్ అంటే ఏమిటి

అమెరికా తీరాల చుట్టూ ఉన్న బోయ్‌లను జాతీయ డేటా బోయ్ కేంద్రం నడుపుతుంది. దాని కార్యాలయం మిసిసిపీ రాష్ట్రంలోని స్టెన్నిస్ అంతరిక్ష కేంద్రం ఆవరణలో ఉంది. 1967లో తీరరక్షక దళం కింద మొదలైన బోయ్‌ల కార్యక్రమం 1970లో అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ నోవా చేతికి వచ్చింది. బోయ్‌లలో చాలా రకాలున్నాయి. మూడు మీటర్ల వెడల్పు పళ్లెం ఆకారం మొదలు పన్నెండు మీటర్ల భారీ పళ్లాల దాకా వాడారు. పడవ ఆకారంలో ఆరు మీటర్ల పొడవుండే నోమాడ్ రకం మొదట అమెరికా నౌకాదళం కోసం తయారైంది. పైన సౌర పలకలు, లోపల బ్యాటరీలు, కింద గొలుసూ నైలాన్ తాడూ కలిసిన లంగరు ఉంటాయి.

ప్రతి బోయ్‌కూ అయిదంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు ఏ సముద్ర ప్రాంతమో చెబుతాయి: 41 అంటే ఆగ్నేయ అమెరికా ఎదుటి అట్లాంటిక్, 42 అంటే మెక్సికో గల్ఫ్, 46 అంటే పసిఫిక్. జార్జియాకు దగ్గరలో ఉన్నది 41008. సవానాకు ఆగ్నేయంగా 40 నాటికల్ మైళ్ల దూరంలో, గ్రేస్ రీఫ్ సముద్ర అభయారణ్యం దగ్గర, లోతు తక్కువగా ఉన్న నీళ్లలో తేలుతుంటుంది. అట్లాంటిక్ వైపు నుంచి ఏం వస్తున్నా జార్జియా తరఫున ముందు చూసేది ఇదే.

బోయ్ పంపే అంకెలు చదివేవారు గాలి వేగం విషయంలో ఒక సంగతి మరవకూడదు. ఈ బోయ్‌లు ఎనిమిది నిమిషాల సగటు గాలిని చెబుతాయి. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ఒక నిమిషం సగటుతో మాట్లాడుతుంది. భారత వాతావరణ విభాగం మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది. ఒకే గాలికి మూడు అంకెలు వస్తాయి. ఎనిమిది నిమిషాల సగటు అన్నిటికన్నా తక్కువ చూపుతుంది. పైగా పెద్ద అలల మధ్య పల్లంలోకి దిగినప్పుడు బోయ్‌కు ఆ అలలే గాలిని అడ్డుకుంటాయి. అందుకే, హరికేన్‌లో బోయ్ చెప్పిన గాలిని కనీసం అంతైనా ఉందని చదువుకోవడం మంచిది.

ఆగిన తుఫాను ఎందుకు చిక్కు

ఒక లెక్క చూద్దాం. హరికేన్ కేంద్రం నుంచి కొంత దూరంలో ఒక కిలోమీటరు దగ్గరవుతుంటే పీడనం 0.1 మిల్లీబారు చొప్పున తగ్గుతుందనుకుందాం. తుఫాను గంటకు 25 కిలోమీటర్ల వేగంతో బోయ్ వైపు వస్తే అక్కడ పీడనం గంటకు రెండున్నర మిల్లీబార్లు పడుతుంది. గ్రాఫు చూసిన ఎవరికైనా విషయం తెలిసిపోతుంది. అదే తుఫాను గంటకు రెండు కిలోమీటర్లు కదిలితే పడేది 0.2 మిల్లీబారు మాత్రమే.

ఉష్ణమండలంలో తుఫాను లేకపోయినా వాయుపీడనానికి రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ పెరుగుతుంది, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తగ్గుతుంది. పది నుంచి నాలుగు దాకా ఆరు గంటల్లో రెండు మూడు మిల్లీబార్లు తగ్గడం మామూలే. అంటే గంటకు 0.5 దాకా. మందగమన తుఫాను తెచ్చే మార్పు, ఏ తుఫానూ లేని రోజున వచ్చే మార్పు కన్నా తక్కువన్నమాట. సాయంత్రం నాలుగింటికి పీడనం పడిందని తుఫాను దగ్గరికి వస్తోందనుకున్నా, రాత్రి పదింటికి పెరిగిందని తప్పుకుందనుకున్నా మోసపోతాం. అందుకే ఇప్పటి పీడనాన్ని మూడు గంటల కిందటి దానితో కాక, నిన్న ఇదే వేళకున్న దానితో పోల్చి చూస్తారు. ఇరవై నాలుగు గంటల పీడన మార్పును పటం మీద గుర్తించడం భారత వాతావరణ విభాగంలో చాలా కాలంగా ఉన్న అలవాటు. ఉపగ్రహ చిత్రాలు వచ్చాక ఆ అలవాటు పాతదైపోలేదు, నెమ్మది తుఫానుల విషయంలో ఇప్పటికీ పనికొస్తుంది.

రెండో చిక్కు ఇంకా మొండిది. బోయ్ దగ్గర పీడనం తగ్గిందంటే తుఫాను దగ్గరికైనా వచ్చి ఉండాలి, ఉన్నచోటనే బలపడైనా ఉండాలి. వేగంగా కదిలే తుఫానులో మొదటిదే ప్రధాన కారణం కనుక గొడవ లేదు. ఆగిన తుఫానులో రెండు కారణాలూ సమానంగా పోటీ పడతాయి. ఒక్క బోయ్ ఈ తగవు తీర్చలేదు. వేర్వేరు దిక్కుల్లో రెండు మూడు బోయ్‌లు కావాలి. తుఫాను కదిలితే ఒక బోయ్ దగ్గర పీడనం తగ్గి, ఎదుటి దిక్కు బోయ్ దగ్గర పెరుగుతుంది. ఉన్నచోటనే బలపడితే, లేదా పరిధి పెంచుకుంటే, అన్ని చోట్లా కలిసి తగ్గుతుంది.

గాలి దిక్కు చెప్పే సాక్ష్యం

పీడనం తడబడినచోట గాలి దిక్కు ఆదుకుంటుంది. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలో 1857లో చెప్పిన సూత్రం ఓడ సరంగులకు కొట్టినపిండి: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. సముద్రపు రాపిడి వల్ల గాలి కాస్త లోపలికి, కేంద్రం వైపు వంగుతుంది కనుక సరిగ్గా ఎడమకు కాక, ఇరవై ముప్పై డిగ్రీలు ముందుకు జరిపి చూడాలి. గ్రేస్ రీఫ్ దగ్గర ఈశాన్యం నుంచి గాలి వీస్తోందనుకోండి. వీపు ఈశాన్యానికి, ముఖం నైరుతికి. ఎడమ చెయ్యి ఆగ్నేయానికి వస్తుంది. దాన్ని పాతిక డిగ్రీలు ముందుకు జరిపితే దక్షిణానికి కొద్దిగా తూర్పుగా చూపుతుంది. అక్కడి నుంచి గ్రాండ్ బహామా ఉన్న దిక్కు అదే, దూరం ఆరు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఇంకో బోయ్ నుంచి ఇలాంటి గీతే గీస్తే రెండు గీతలూ కలిసేచోట తుఫాను కేంద్రం ఉంటుంది.

జార్జియా వాసికి అసలు కావలసింది ఆ దిక్కు ఎటు తిరుగుతుందన్నది. ఈశాన్య గాలి ఉత్తరానికీ, తరవాత వాయవ్యానికీ తిరిగితే కేంద్రం బోయ్‌కు తూర్పున, సముద్రం మీదుగా పోతోందని అర్థం. డోరియన్ పోయిన దారి ఇలాంటిదే. అలా కాక ఈశాన్య గాలి తూర్పుకూ ఆగ్నేయానికీ తిరిగితే కేంద్రం పడమటి వైపు, నేల మీదుగా వస్తోందన్నమాట. అప్పుడు డబ్లిన్ వరకూ భయమే. గాలి దిక్కు గంటల తరబడి మారకపోతే రెండు అర్థాలుంటాయి: తుఫాను ఆగి ఉండాలి, లేదా సూటిగా బోయ్ మీదికే వస్తుండాలి. దిక్కు మారకుండా పీడనం, నిన్నటి ఇదే వేళతో పోల్చినా, వడివడిగా పడుతుంటే రెండోదే నిజం.

ముందుగా చేరే అలలు

తుఫాను కన్నా ముందు దాని అలలు వస్తాయి. హరికేన్ పుట్టించిన పెద్ద అలలు దాని పరిధి దాటి బయటపడ్డాక స్వెల్ అలలుగా, నునుపుగా, దూరం దూరంగా సాగుతాయి. లోతైన నీళ్లలో వీటి శక్తి ప్రయాణించే వేగం అలకూ అలకూ మధ్య వ్యవధి మీద ఆధారపడుతుంది. పద్నాలుగు సెకన్ల వ్యవధి గల అలలు గంటకు సుమారు 39 కిలోమీటర్లు పోతాయి. గ్రాండ్ బహామా నుంచి గ్రేస్ రీఫ్ చేరడానికి వాటికి పదిహేను గంటలు చాలు. తుఫాను అక్కడే నిద్రపోతున్నా దాని అలలు జార్జియా ఇసుకను కోస్తూనే ఉంటాయి.

వేగంగా కదిలే హరికేన్ తన అలలతో కలిసి పరుగెత్తుతుంది. దాని కుడి వైపు అలలు చాలాసేపు గాలి కిందే ఉండి మరీ పెద్దవవుతాయి. నెమ్మది హరికేన్‌లో అలలు దాన్ని వదిలిపెట్టి ముందే వెళ్లిపోతాయి. అందువల్ల దూరపు బోయ్ దగ్గర స్వెల్ అలలు రోజుల తరబడి కనిపిస్తాయి. కదలని తుఫాను నుంచైతే వాటి వ్యవధిలోనూ వచ్చే దిక్కులోనూ మార్పు తక్కువ. ఆ రెండింటిలో స్పష్టమైన మార్పు మొదలైతే తుఫాను లేచి నడవడం మొదలుపెట్టిందని అనుమానించవచ్చు. అయితే ఈ కబురు పాతది, పదిహేను గంటల కిందట బయల్దేరినది. గాలి, పీడనం ఇప్పటి సంగతి చెబుతాయి.

బోయ్ చెప్పే ‘గణనీయ అల ఎత్తు’ అంటే కొలిచిన అలలలో పెద్దవైన మూడో వంతు అలల సగటు. ఒంటరిగా లేచే పెద్ద అల దాదాపు దానికి రెట్టింపు ఉండవచ్చు. 2005లో కత్రీనా హరికేన్ వేళ అలబామాకు దక్షిణాన ఉన్న 42040 బోయ్ నమోదు చేసిన గణనీయ అల ఎత్తు 16.91 మీటర్లు. అంతకు ముందు ఏడాది ఐవన్ హరికేన్‌లో ఇదే బోయ్ 15.96 మీటర్లు కొలిచింది.

తుఫాను తన కింద నీటిని తానే చల్లార్చుకోవడం

హరికేన్‌కు తిండి వెచ్చని సముద్రపు నీరు. గాలి ఆ నీటిని కలియబెట్టి లోతులోని చల్లని నీటిని పైకి తెస్తుంది. వేగంగా పోయే హరికేన్ ఈ చల్లదనం తనకు తగిలే లోపే ముందుకు వెళ్లిపోతుంది, వెనక చల్లని బాట మిగులుతుంది. నెమ్మదిగా పోయేది, గంటకు పదిహేను కిలోమీటర్ల లోపు నడిచేది, తాను పైకి తెచ్చిన చల్లని నీటి మీదే కూర్చుంటుంది. డోరియన్ గ్రాండ్ బహామా దగ్గర ఆగాక బలహీనపడడానికి ఇదీ ఒక కారణం.

ఈ అవగాహనలో బోయ్‌ల పాత్ర పెద్దది. 1975లో ఎలోయీజ్ హరికేన్ మెక్సికో గల్ఫ్‌లో ఈబీ-10 అనే బోయ్ మీదుగా పోయింది. అప్పుడు దొరికిన నీటి వేడి, గాలి కొలతలు జేమ్స్ ప్రైస్ 1981లో రాసిన పత్రానికి ఆధారమయ్యాయి. హరికేన్ కింద సముద్రం ఎలా స్పందిస్తుందో చెప్పే ఆ పత్రం ఇప్పటికీ ప్రామాణికం. తుఫాను అంచున ఉన్న బోయ్‌లో నీటి వేడి పడిపోవడం చూస్తే, ముందు రోజుల్లో అది బలపడుతుందని చెప్పే నమూనాను కాస్త అనుమానించవచ్చు. ఉపగ్రహాలకు మేఘాల కింది నీటి వేడి సరిగా దొరకదు కాబట్టి ఈ ఒక్క కొలతే చాలాసార్లు బోయ్ ఖర్చును తీర్చేస్తుంది.

బోయ్‌లు ఓడిపోయేచోటు

అవసరం ఎక్కువైన గంటలోనే బోయ్ మూగబోవడం తరచుగా జరుగుతుంది. కత్రీనాలో 42003 బోయ్, పది మీటర్ల పళ్లెం, తలకిందులైంది. ఐవన్‌లో 42040 లంగరు తెంచుకుని కొట్టుకుపోయింది. కొట్టుకుపోతున్న బోయ్ కొలతలు పంపుతూనే ఉంటుంది. స్థానం చూసుకోకుండా వాడితే కేంద్రాన్ని వేరే చోట గుర్తించే ప్రమాదం ఉంది. నెమ్మది తుఫానులో ఈ బెడద ఇంకా ఎక్కువ, ఎందుకంటే బోయ్ భరించాల్సినది ఒక రాత్రి కాదు, రెండు రోజులు.

ఈ కొరత తీర్చడానికి కొత్త సాధనాలు వచ్చాయి. 2021 సెప్టెంబర్‌లో సెయిల్‌డ్రోన్ సంస్థ మనుషులు లేని తెరచాప నావ శామ్ హరికేన్ లోపలికి వెళ్లి వీడియో పంపింది. బిలోక్సీ దగ్గరి కీస్లర్ స్థావరం నుంచి ఎగిరే హరికేన్ హంటర్ విమానాలు కేంద్రం మీదుగా పోయి పీడనం కొలిచే పరికరాలను జారవిడుస్తాయి. నా ఉద్దేశంలో విమానాలున్నచోట బోయ్ సాక్షి మాత్రమే, విమానాలు లేనిచోట మాత్రం అదే ప్రధానం.

నేల మీదికి వచ్చాక బోయ్‌ల పని ముగుస్తుంది, నదుల కొలబద్దల పని మొదలవుతుంది. 1994 జులైలో ఆల్బెర్టో తుఫాను ఫ్లోరిడా తీరం దాటి వచ్చి జార్జియాలో ఆగిపోయింది. డబ్లిన్‌కు పడమటి వైపున్న అమెరికస్ పట్టణంలో ఒక్కరోజులో 536 మిల్లీమీటర్ల వాన పడింది. ఫ్లింట్, ఆక్మల్గీ నదులు పొంగి జార్జియాలో ముప్పై మంది దాకా చనిపోయారు. దీనికి సరిగ్గా వ్యతిరేకం 2024 సెప్టెంబర్ నాటి హెలీన్. అది వేగంగా దూసుకురావడంతో గాలి బలం తగ్గే లోపే జార్జియా మధ్య భాగం దాకా చేరి చెట్లూ కరెంటు స్తంభాలూ కూల్చింది. డబ్లిన్ వంటి లోపలి ఊరికి నెమ్మది హరికేన్ అంటే నీరు, వేగపు హరికేన్ అంటే గాలి.

హరికేన్లు మొత్తం మీద నెమ్మదిస్తున్నాయా అన్నది తేలని చర్చ. 1949–2016 మధ్య ప్రపంచవ్యాప్తంగా తుఫానుల నడక పది శాతం తగ్గిందని జేమ్స్ కాసిన్ 2018లో నేచర్ పత్రికలో రాశారు. ఉపగ్రహాలు లేని పాత రోజుల లెక్కలను నమ్మవచ్చా అని మరుసటి ఏడాదే ఇతర శాస్త్రవేత్తలు అడిగారు. టెక్సస్‌లో 2017 నాటి హార్వే 1,500 మిల్లీమీటర్లకు పైగా కురిసిన సంగతిలో మాత్రం వాదన లేదు.

బంగాళాఖాతంలో

మన తీరానికి మందగమన తుఫానులు కొత్త కావు. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, దాటాక కూడా కోస్తాను వెంటనే వదల్లేదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ చెన్నై ఎదుట నిదానంగా సాగి ఆ నగరాన్ని ముంచి, 5వ తేదీన బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. కృష్ణా డెల్టాలో కోతకొచ్చిన వరి నీళ్లలో పడింది.

బంగాళాఖాతంలో బోయ్‌లను నిలిపి నడిపేది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. జాతీయ డేటా బోయ్ కార్యక్రమం 1996లో మొదలైంది. ఇప్పటి బోయ్‌లు ఉపరితలంతోపాటు అయిదు వందల మీటర్ల లోతు దాకా నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తాయి. సమాచారం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కూ, తుఫాను హెచ్చరికలిచ్చే వాతావరణ విభాగానికీ చేరుతుంది. హరికేన్ హంటర్ల వంటి విమానాలను ప్రతి తుఫానులోకీ పంపే ఏర్పాటు మనకు లేదు. కాబట్టి లోసముద్రంలో నేరుగా కొలిచిన పీడనం అంటే దాదాపుగా బోయ్ పీడనమే.

లోతు కొలతలకు ఇక్కడ ఇంకో అవసరం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణలు వర్షాకాలంలో పోసే మంచినీరు బంగాళాఖాతం పైన పలుచని పొరగా నిలుస్తుంది. కింది ఉప్పునీటితో అది సులువుగా కలవదు. అందుకని వర్షాకాలం వెనకాల వచ్చే తుఫానులు నెమ్మదిగా కదిలినా కింది చల్లని నీరు అంతగా పైకి రాకపోవచ్చు. ఆగితే బలహీనపడుతుందన్న అట్లాంటిక్ అనుభవాన్ని అక్టోబర్, నవంబర్ నెలల బంగాళాఖాతానికి ఉన్నదున్నట్టు వర్తింపజేయకూడదు.

ఇన్ని చేసే బోయ్‌లకు ఇక్కడ తుఫాను కన్నా మనుషుల చేతి నష్టం తక్కువేమీ కాదు. బోయ్ నీడన చేపలు చేరతాయి కాబట్టి మరబోట్లు దాన్ని ఆనుకుని వలలు వేస్తాయి, దానికే తాడు కట్టుకుంటాయి. లంగరు తెగుతుంది, పైన పరికరాలు మాయమవుతాయి. మళ్లీ ఓడ వెళ్లి బాగుచేసే దాకా ఆ చోటు నుంచి పీడనం కబురు ఉండదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల బోటు యజమానులు, సరంగులు బోయ్‌కు బోటు కట్టవద్దని తమ కళాసీలకు వేట సీజన్ మొదట్లోనే గట్టిగా చెప్పాలి. మత్స్యశాఖ వారు కూడా రేవులోనే బోయ్ బొమ్మ చూపించి ఆ మాట చెబితే మేలు.